ముద్ర కుడిచేతి మీదనా, ఎడమచేతి మీదనా?

క్రైస్తవులు టీకాలనూ ఆధునిక విజ్ఞానాన్నీ ఎందుకు నమ్మరని, హైదరాబాద్‌లో ఉన్నవారెవరైనా స్వానుభవంతో చెప్పగలరా అని అడిగారు. నేను సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన మూడో తరం క్రైస్తవుణ్ణి. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. కనుక ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత నాకు రెండు విధాలా ఉంది. నమ్మనివారు మాలో ఉన్నారు, కాదనను. అయితే ఆ అపనమ్మకం విశ్వాసం నుంచి పుడుతుందంటే మాత్రం ఒప్పుకోను. ముందు భయం పుడుతుంది, దానికి సరిపోయే బైబిలు వచనాన్ని ఆ తరువాత వెతుక్కుంటారు. మా పెద్దమ్మ విషయంలో దీన్ని కళ్లారా చూశాను.

అది 2021 ఏప్రిల్. పెద్దనాన్నగారి రైల్వే పింఛనుతో లాలాగూడలో ఒంటరిగా ఉంటున్న పెద్దమ్మకు అప్పటికి 71 ఏళ్లు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. అరవై దాటినవారికి మార్చి ఒకటి నుంచే కోవిడ్ టీకాలు వేస్తున్నా ఆమె కదలలేదు. ఎవరో పంపిన వాట్సాప్ వీడియోలో టీకా మందులో చిప్పు ఉంటుందనీ, బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో చెప్పిన క్రూరమృగం ముద్ర, 666 అనే సంఖ్య, అదేననీ చెప్పారట. నేను నా విద్యనంతా ప్రయోగించాను. క్యాలెండరు వెనుక వైరస్ బొమ్మ గీసి, ప్రతిరక్షకాలు ఎలా తయారవుతాయో పదో తరగతి పిల్లలకు చెప్పినంత ఓపికగా చెప్పాను. ఆవిడ అంతా శ్రద్ధగా విని, టీ పెట్టి ఇచ్చి, "నువ్వు చెప్పేది పరీక్షల్లో రాయడానికి బాగుంటుంది నాయనా" అన్నది.

ఏప్రిల్ నాలుగున ఈస్టర్. ఆ మధ్యాహ్నం మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య పెద్దమ్మను పలకరించడానికి వచ్చారు. ఆవిడ పాతికేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసిన మనిషి. సంగతి విని వాదించలేదు, నవ్వనూ లేదు. "ఆ వచనం తీయండమ్మా, చదువుదాం" అన్నారు. పెద్దమ్మ కళ్లజోడు చాలక భూతద్దం కూడా పట్టుకుని, పదమూడో అధ్యాయం పదహారో వచనం దగ్గర వేలు పెట్టి, పైకి చదివింది. కుడిచేతి మీదనైనా నొసటి మీదనైనా ముద్ర వేస్తారని అక్కడ ఉన్నది. "మేము సూది ఎడమచేతికి వేస్తామమ్మా" అన్నారు ఆవిడ. పెద్దమ్మ వేలు ఆ అక్షరాల మీదే ఉండిపోయింది. "తరువాతి వచనం కూడా చదవండి, ముద్ర లేనివాళ్లు కొనడానికీ అమ్మడానికీ ఉండదట. మొన్న మెట్టుగూడలో మామిడికాయలు కొన్నారు కదా, మిమ్మల్ని ఎవరైనా ఆపారా?" అని అడిగారు. చాలాసేపటికి పెద్దమ్మ గ్రంథం మూసి, "సరే, కుడిచేతికి వేస్తే మాత్రం లేచి వచ్చేస్తాను" అన్నది.

నా జీవశాస్త్రం చేయలేని పనిని ఒక్క వచనం చేసింది, ఆమెను భయపెట్టిన వచనమే. నేను చూసినంతలో బైబిలు మొత్తం చదివి టీకా మానుకున్న మనిషి ఒక్కరు కూడా లేరు, సగం వచనం విని మానుకున్నవారే. 2020లో మా వీధిలో తలుపు తలుపుకీ బైబిల్లోని తొంభై ఒకటో కీర్తన అంటించారు. ఏ తెగులూ నీ గుడారాన్ని సమీపించదన్న మాట చదివి మాస్కు తీసేసినవారిని నేనెరుగుదును. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారు అని సాతాను ఎత్తి చూపింది సరిగ్గా ఆ కీర్తనలోని మాటలే. ప్రభువును శోధించకూడదని, అంటే పరీక్షించకూడదని, యేసు దానికి బదులు చెప్పాడు. ఈ రెండో భాగాన్ని తలుపుకు అంటించినవారు ఎవరూ కనబడలేదు.

అసలు ఈ అనుమానం మా సమాజానికి కొత్తగా అంటుకున్నది. మా అమ్మ తరంలో క్రైస్తవుల ఇళ్లలో ఆడపిల్లకు ఉద్యోగమంటే టీచరు, లేదా నర్సు. బస్తీల్లో పిల్లలకు సూది మందు వేసిన సిస్టరమ్మ చాలాచోట్ల మా చర్చి మనిషే. డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని 1915లో మొదలుపెట్టింది ఇసాబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు. జబ్బు ముదిరితే కులమతాలతో పని లేకుండా మనవాళ్లు రైలెక్కే రాయవేలూరు ఆసుపత్రిని 1900లో ఒక్క మంచంతో ప్రారంభించిన ఐడా స్కడర్ కూడా మిషనరీ కుటుంబపు బిడ్డే. అంతెందుకు, 1897 ఆగస్టు 20న మన బేగంపేటలో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్, దేవుడు తన చేతిలో ఒక అద్భుతాన్ని పెట్టాడంటూ కవిత రాసుకున్నాడు. సూక్ష్మదర్శినికీ స్తోత్రానికీ ఆయన మనసులో తగవు రాలేదు.

ఇక్కడ నాకు చిరకాలంగా ఉన్న ఒక ఫిర్యాదు చెప్పక తప్పదు. దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల కూటంలో మాత్రల పేరు ఎవరూ ఎత్తరు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి, సెలైన్లు ఎక్కించుకుని, ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి మైకు పట్టుకుని ప్రభువు ముట్టి స్వస్థపరచాడని చెబుతాడు. అప్పు చేసి బిల్లు కట్టిన కొడుకు వెనుక బెంచీలో కూర్చుని ఆమేన్ అంటాడు. ప్రభువు ముట్టలేదని నేననడం లేదు, ఆ డాక్టరు చేతితోనే ముట్టాడని చెబితే ఏం పోతుంది? అపొస్తలుడైన పౌలు బైబిల్లోని తన ఉత్తరంలో లూకాను ప్రియమైన వైద్యుడని పేర్కొన్నాడు కదా. విజ్ఞానమంతా బైబిల్లో ముందే ఉందని ఊదరగొట్టే ప్రసంగీకులతో నాకు వేరే తగాదా ఉంది, అది మరో ప్రశ్నకు రాస్తాను.

అనుమానాలన్నీ ఒక గాటన కట్టేయకూడదన్న సంగతి కూడా చెప్పాలి. కోవిషీల్డ్ తయారీలో, దశాబ్దాల కిందటి పిండ కణజాలం నుంచి వచ్చిన కణ పరంపరను వాడతారని తెలిసి, నా కేథలిక్ మిత్రుడొకరు కలత చెందారు. అది ఆలోచనాపరుడికి వచ్చే ప్రశ్న. మరో దారి లేనప్పుడు అలాంటి టీకా వేయించుకోవడం తప్పు కాదని 2020 డిసెంబరులో వాటికన్ స్పష్టం చేసింది. అయినా ఆయన మన ఊరి కోవాగ్జినే కావాలని పట్టుబట్టి వేయించుకున్నారు. దాని కోసం వైరస్‌ను పెంచేది కోతి మూత్రపిండాల నుంచి వచ్చిన కణాల్లో.

ఈస్టర్ తరువాతి గురువారం పెద్దమ్మను ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాను. ఎండకు అట్ట విసనకర్ర చేసుకుని విసురుకుంటూ గంటన్నర కూర్చున్నది. తీరా లోపలికి వెళితే ఎడమచేతి జాకెట్టు బిగువుగా ఉండి పైకి రాలేదు. "ఏ చెయ్యి అయినా పరవాలేదమ్మా" అంటూ ఆ నర్సమ్మాయి కుడి వైపు జాకెట్టు చేతిని కాస్త పైకి జరిపింది. అక్కడ రూపాయి బిళ్లంత గుంట మచ్చ, అంచుల్లో చర్మం ముడుచుకుని ఉంది. "చిన్నప్పుడు మశూచి టీకా కుడిచేతికే వేయించుకున్నారే!" అన్నది ఆ అమ్మాయి. దేశంలో మశూచి 1975 తరువాత కనబడకుండా పోవడానికి కారణమైన టీకా అది. పెద్దమ్మ ఆ మచ్చ వైపు చూసి, నా వైపు చూసి, జాకెట్టు కిందికి లాక్కుని, "అప్పుడు నన్నెవరడిగారు?" అన్నది. తరువాత ఎడమ వైపు హుక్కులు సడలించుకుని ఆ చెయ్యే చాపింది.

కూటాలు తిరిగి మొదలయ్యాక, మందిరంలో స్త్రీల కూటంలో ఆవిడ దీని మీద సాక్ష్యం చెప్పింది. వచనం చదివి, ఎడమచేతి సంగతి వివరంగా చెప్పి, ఇద్దరు ముసలమ్మలను టీకాకు ఒప్పించింది కూడా. కుడిచేతి మచ్చ ఊసు మాత్రం ఎత్తలేదు.