రోయింగ్ మిషన్ కోసం చిట్టీ ఎత్తొచ్చా?

ప్రశ్న: హన్మకొండలో రెండో అంతస్తులో కిరాయికి ఉంటున్నాం. నా వయసు 44, ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, జీతం 52 వేలు. మోకాళ్ల మీద భారం పడని వ్యాయామమని రోయింగ్ మిషన్ (కూర్చొని పడవ తెడ్డు వేసినట్టు లాగేది) కొందామనుకుంటున్నాను. ఫ్యాన్‌తో నడిచేది 60 వేలు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. పిస్టన్ల చిన్న మిషన్ 14 వేలు. పాప ఇంజినీరింగ్ ఫీజు కోసం 2 లక్షల చిట్టీ కడుతున్నాను. 20 నెలల్లో 8వ నెల నడుస్తోంది. అది పాడుకొని కొనమంటున్నాడు మిత్రుడు. ఏం చేయాలి?

జవాబు: చిట్టీని ముట్టుకోకండి. 60 వేల అవసరానికి 2 లక్షల చిట్టీ పాడతారా? పాటలో 30 వేలు వదులుకున్నారనుకుందాం, మిషన్ ధరలో సగం అక్కడే పోయింది. జామీను పెట్టాలి, మిగతా నెలల కిస్తీలూ ఆగవు. చేతిలో మిగిలిన పైకం పాప ఫీజు దాకా ఉంటుందన్న నమ్మకం నాకైతే లేదు. ఆఖరిదాకా ఆగి ఎత్తితే కమిషన్ పోను మొత్తం మీదే.

నో కాస్ట్ ఈఎంఐలోనూ ఖర్చుంటుంది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మేర అమ్మేవాళ్లు ధర తగ్గించి చూపిస్తారు. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి. 16 శాతం వడ్డీ లెక్కన మీకది సుమారు 880 రూపాయలు, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. నగదుకు ఇచ్చే డిస్కౌంటు ఉంటే అదీ పోతుంది.

14 వేలది చవక కదా అని తెచ్చుకోకండి. వాడుతుంటే పిస్టన్లలో నూనె వేడెక్కి పట్టు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం మీ ఎత్తు. రోయింగ్‌లో అసలు బలం కాళ్లది. చిన్న మిషన్లలో సీటు జరిగే పట్టా పొట్టిగా ఉండి మీ కాళ్లు పూర్తిగా చాచే వీలుండదు. రెండు నెలలకే బట్టలారేసుకునే స్టాండవుతుంది.

ఫ్యాన్ మిషన్ గట్టిదే, ఎంత బలంగా లాగితే అంత బిగువు. కానీ దాదాపు 8 అడుగుల పొడవుంటుంది, చప్పుడూ ఎక్కువే. తెల్లవారుజామున కింది ఇంటివాళ్లు ఊరుకోరు. మీ ఇంటికి అయస్కాంతంతో బిగువిచ్చే మాగ్నెటిక్ మిషన్ సరిపోతుంది: చప్పుడు తక్కువ, మడిచి నిలబెట్టే రకాలున్నాయి, 30 వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది.

ఈఎంఐకి కట్టాలనుకున్న 5 వేలే ఆరు నెలల రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఈలోగా రోయింగ్ మిషన్ ఉన్న జిమ్‌లో ఒక నెల కట్టి చూడండి. మోకాలు బాగా మడవాలి, నడుం మీదా భారం పడుతుంది కాబట్టి డాక్టర్‌ని ముందే అడగండి. ఆ నెలలో వారానికి మూడు రోజులైనా వెళ్లలేకపోతే కొనడం మానేయండి, నడకకు రూపాయి ఖర్చు లేదు. వెళ్లగలిగితే నిశ్చింతగా కొనండి. కొనేముందు కూర్చొని కాళ్లు పూర్తిగా చాచి చూసుకోండి. సర్వీసుకు మనిషి వరంగల్‌కే వస్తాడా, హైదరాబాద్ పంపాలా అన్నది బిల్లు వేయకముందే రాయించుకోండి.