ఫాదర్ గారు చెప్పకూడదు, స్టెల్లానే చెప్పాలి

ప్రశ్న: మాది ఫిరంగిపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చేశాం, శివాజీనగర్‌లో ఉంటాం. ఆదివారాలు గుళ్లో పిల్లలకు సత్యోపదేశం, అంటే క్రైస్తవ మతపాఠాలు, చెబుతాను. టీనేజీ పిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. పదో తరగతి చదివే స్టెల్లా చెడు స్నేహాల్లో పడి, వాళ్లమ్మ చీటీకి దాచిన డబ్బులోంచి రెండు వేలు తీస్తుంది. తర్వాత బాధపడి ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేస్తుంది, అంటే చేసిన పాపం చెప్పుకుంటుంది. ఆ సాయంత్రం ఫాదర్ గారు ఇంటికొచ్చి, తల్లికి విషయం చెప్పి, నచ్చజెప్పి, ఇద్దరినీ కలుపుతారు. మా అమ్మాయి చదివి "స్టెల్లా నిజం మనిషిలా లేదమ్మా" అంది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఫాదర్ గారి సంగతి చూద్దాం. ఆయన ఆ పని చేయలేరు. పాపసంకీర్తనంలో విన్నది మాటతో గానీ, మరే రకంగా గానీ బయటపెట్టకూడదని 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం 983వ సూత్రం చెబుతోంది. విన్నదాన్ని ఆ మనిషికి ఇబ్బంది కలిగేలా వాడుకోకూడదని ఆ తర్వాతి సూత్రం. తెలిసి నేరుగా బయటపెట్టిన ఫాదర్‌కు శ్రీసభ నుంచి వెలి శిక్ష పడుతుంది. మీ దగ్గర సత్యోపదేశం నేర్చుకున్న పిల్లలకు ఇది తెలుసు. ఆ పేజీ దగ్గరే వాళ్లు పుస్తకం మూసేస్తారు.

ఇప్పుడు ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు ఉంచి అదే సాయంత్రాన్ని మళ్లీ రాయండి. ఫాదర్ గారు ఇంటికి రావచ్చు. పండగ చందా కోసమనుకోండి. అమ్మ స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తుంది. కూర్చుని, "రెండు వేలు కనపడట్లేదు ఫాదర్, పనమ్మాయి మీదే నాకు అనుమానం. రేపట్నించి రావద్దని చెప్పేస్తా" అంటుంది. స్టెల్లా వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. తీసిందెవరో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని స్టెల్లాకు తెలుసు. ఆయన అటువైపు ఒక్క చూపు కూడా చూడకూడదు. తర్వాత విడిగా కనపడినా, స్టెల్లా తనంతట తాను ఎత్తకపోతే ఆయన ఆ విషయం ఎత్తరు. కాఫీ తాగేసి, దీవెన ఇచ్చి వెళ్లిపోతారు. తీసిన డబ్బు తిరిగి ఇచ్చెయ్యమని ఆయన పొద్దునే చెప్పారు. కానీ ఇప్పుడు ఒక్క డబ్బు ఇస్తే సరిపోదు. తెల్లారితే ఒక పేదింటి పిల్ల పని పోతుంది. అమ్మ ముందు నోరు విప్పగలిగింది స్టెల్లా ఒక్కతే.

పిల్లల పుస్తకాల్లో నాకు కోపం తెప్పించేది ఒకటుంది. ఆఖరి అధ్యాయంలో పెద్దవాళ్లొచ్చి అంతా చక్కబెట్టేయడం. ఫాదర్ గారైనా, సిస్టర్ గారైనా, కలలో కనపడే మరియమాతైనా సరే. దేవుడి కృప పని చేస్తుందని మీరూ నేనూ నమ్ముతాం. ఆ కృప స్టెల్లా గొంతు పెగిలేలా చేస్తే చాలు, ఆమె బదులు మాట్లాడక్కర్లేదు.

ఇక ఆ డబ్బు ఎందుకు తీసింది? "చెడు స్నేహాలు" అన్నది టీచర్లు చెప్పే కారణం. స్టెల్లాను అడగండి. క్లాసంతా మైసూరు టూరుకి వెళ్తున్నారేమో, నాన్నకి జీతం ఇంకా పడలేదేమో, డబ్బు కట్టని వాళ్ల పేర్లు క్లాసులో పైకి చదివారేమో. ఆమెకు ఏం కావాలో మీకు తెలిసిన రోజున ఆమె ప్రార్థన కూడా మారిపోతుంది. నానమ్మ పక్కన కూర్చుని "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని జపమాల తిప్పుతూనే, ఆ పిల్ల మనసులో రెండు వేల లెక్క వేసుకుంటూ ఉంటుంది.

భక్తిని చూపించడానికి ఉపన్యాసం అక్కర్లేదు, ఇంట్లో ఉన్న నియమాలే బోలెడు కథ ఇస్తాయి. శుక్రవారం మాంసం మానాలన్న నియమం 14 ఏళ్లు నిండినప్పటి నుంచి వర్తిస్తుంది. ఉపవాస నియమం 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ రోజుల్లో) స్టెల్లా తమ్ముడికి పద్నాలుగు నిండాయనుకోండి. ఆ శుక్రవారమే ఫ్రెండ్ బర్త్‌డే, బిర్యానీ. నానమ్మకు డెబ్బై దాటాయి, షుగరుంది, ఉపవాసం ఉండక్కర్లేదని ఎంత చెప్పినా వినదు. ఇంట్లో రోజూ గొడవే. వీళ్లిద్దరినీ ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

ప్రశ్న: కథలో మంచి పిల్లాణ్ని పెడితే ఈకాలం పిల్లలు చదవరని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బెసెంట్ నగర్, చెన్నై

జవాబు: నేను ఒప్పుకోనండి. 1991లో పుట్టి, 2006లో పదిహేనేళ్లకే లుకేమియాతో చనిపోయిన కార్లో అకూటిస్‌ను 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. దివ్యసత్ప్రసాద (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) అద్భుతాల మీద వెబ్‌సైట్ తయారుచేసిన కుర్రాడు. ఇటలీలోని అసిసిలో ఆయన భౌతికకాయాన్ని జీన్స్, స్పోర్ట్స్ షూలతోనే ఉంచారు. అది చూడటానికి పిల్లలు బారులు తీరుతున్నారు. మంచితనం అంటే పిల్లలకు విసుగు లేదు. ఏ కష్టమూ లేకుండా మంచిగా ఉండేవాణ్ని మాత్రం వాళ్లు నమ్మరు. మీ కుర్రాడికి ఏది కష్టమో చూడండి. వీడియో గేమ్ ఆపడమా, తనను ఏడిపించినవాడికి పూజలో "మీకు సమాధానం (శాంతి)" అని చెబుతూ చేయి కలపడమా? అక్కణ్నించే మొదలుపెట్టండి.