రాత్రి డ్యూటీ దిగాక యోగా తరగతి

ప్రశ్న: గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఎనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఈమధ్య యాజమాన్యం ‘ఒత్తిడి నివారణ కార్యక్రమం’ పేరిట నెలకు రెండుసార్లు యోగా తరగతి పెట్టి, రాత్రి డ్యూటీ దిగినవారు కూడా ఆగి హాజరు వేయించుకోవాలంటోంది. రాత్రిపూట నలుగురేసి రోగులను ఒక్కదాన్నే చూస్తున్నాను. కౌన్సెలరును కలవమన్నారు గాని, అక్కడ చెప్పుకున్నది నర్సింగ్ సూపరింటెండెంట్ గారి చెవిన పడుతుందేమోనని భయంగా ఉంది. మేము ఏమి అడగవచ్చు?

– ఒక సోదరి

జవాబు: ముందుగా, మీ అలసటను మీ చేతకానితనంగా ఎంచవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే తన జబ్బుల వర్గీకరణలో ‘బర్నవుట్’ను (పనివల్ల పూర్తిగా డస్సిపోవడాన్ని) జబ్బుల కింద చేర్చలేదు, పనిచేసే చోట ఎడతెగకుండా ఉండే ఒత్తిడిని సరిదిద్దకపోవడం వల్ల కలిగే స్థితిగా పేర్కొంది. ఒంట్లో సత్తువ ఉడిగిపోవడం, పనిమీద విముఖత పుట్టడం, ఎంత చేసినా ఫలితం లేదనిపించడం దాని లక్షణాలు. అదే సంస్థ 2022లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఉద్యోగికి ఓర్పు నేర్పడంతో ఆగకుండా, పని పరిస్థితులను మార్చాలని చెబుతున్నాయి.

యోగా మంచిదే. కానీ పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి కావలసింది నిద్ర. తరగతి ఇష్టమైనవారికే అయి, డ్యూటీ వేళల్లోనే జరిగితే ఉపయోగం ఉంటుంది. లేకపోతే అది మరో డ్యూటీ అవుతుంది. మీరు మొదట అడగవలసింది రోస్టరు (డ్యూటీల పట్టిక) గురించి. ఐసీయూలో వెంటిలేటరు మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది మన దేశంలో అంగీకరించిన ప్రమాణమే కాబట్టి, నలుగురిని ఒక్కరికే అప్పగించడం మీ ఆరోగ్యంతోపాటు రోగుల భద్రతకు సంబంధించిన విషయమని రాయండి. వరుస రాత్రుల సంఖ్యకు హద్దు, అవి ముగిశాక పూర్తి విశ్రాంతి, నెల రోస్టరు ముందే చేతికందడం, మధ్యలో అరగంటైనా కూర్చుని తినే వీలు కోరండి. ఒంటరిగా కాక, వార్డు సిస్టర్లందరూ సంతకాలు చేసి ఇవ్వడం మేలు.

మరో సంగతి. మన ఆసుపత్రుల్లో మరణ సమీక్షలు జరుగుతాయి గాని, వాటిలో మాట్లాడేది కేసు గురించే. వారం రోజులు సేవ చేసిన బిడ్డ తన చేతుల్లోనే పోతే నర్సుకు ఏమైందని అడిగేవారుండరు. అమెరికాలోని బోస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1995లో మరణించిన కెన్నెత్ ష్వార్ట్జ్ అనే న్యాయవాది పేరిట ‘ష్వార్ట్జ్ రౌండ్స్’ మొదలయ్యాయి. వాటిలో డాక్టర్లు, నర్సులు, ఇతర సిబ్బంది ఒకచోట కూర్చుని, ఆ పని తమ మనసుకు ఎలా తగిలిందో చెప్పుకుంటారు. ఇలాంటిది మీరూ అడగవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. తప్పులెంచని పెద్ద ఒకరు, డ్యూటీ వేళలో ఒక గంట చాలు.

కౌన్సెలరు విషయంలో మీ భయం సహేతుకమే. ఏ వివరమూ యాజమాన్యానికి చేరదని లిఖితపూర్వకంగా అడగండి. హామీ రాకపోతే బయటివారిని ఆశ్రయించండి. ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో, పగలైనా రాత్రయినా, ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. సెలవు రోజున కూడా నిద్రపట్టక, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే మాత్రం రోస్టరు మారేదాకా ఆగకుండా వెంటనే మానసిక వైద్యుణ్ణి కలవండి.