ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు: మా అమ్మాయి భాషలు చదివితే అన్నం పెడతాయా?

ప్రశ్న: మాది గుంటూరు, పొన్నూరు రోడ్డు. మా వారు మిర్చి యార్డులో గుమాస్తా. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. ఇంగ్లీషు బాగా రావాలని తనతో మూడో తరగతి నుంచే ఉర్దూ మానేశాం. బీఎస్సీ నర్సింగ్ చేస్తూ జర్మన్ నేర్చుకుంటే జర్మనీ వెళ్లవచ్చని బంధువులు అంటున్నారు. మా వారికి బీఫార్మసీ ఇష్టం. తను మాత్రం భాషాశాస్త్రం చదివి, బడి పిల్లలకు భాషలు నేర్పే పని చేస్తానని పట్టుబట్టింది. పొద్దస్తమానం పక్కింటి పిల్లలను కూర్చోబెట్టుకుని ఏదో నోటుపుస్తకం రాస్తుంది. అందులో గాడిద బొమ్మలు కూడా! ఒక పేజీ ఫోటో పంపుతున్నాను. మూడు దారులనూ పోల్చి చెప్పండి. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఫోటో గురించే మాట్లాడతాను. దానిని మీరు పిల్ల కాలక్షేపానికి సాక్ష్యంగా పంపారు. నేను రెండు రోజులుగా దానిని మళ్లీ మళ్లీ చూస్తున్నాను.

పేజీ పైన ‘గద’ అని రాసి, పక్కన భీముడి గద బొమ్మ వేసింది. దాని కింద ‘గదా’ అని రాసి గాడిద బొమ్మ. రెండింటి మధ్య పెన్సిలుతో ఒక చిన్న మాట: ‘పుస్తకంలో గధా, మన ఇంట్లో గదా. తెలుగులో చివర ఆపు, ఉర్దూలో చివర సాగదీయి.’ మీ అమ్మాయి ఏం చేసిందో మీకు అర్థమైందా? మన వైపు ఇళ్లలో మాట్లాడే దక్కనీ ఉర్దూలో మాట మధ్య ఒత్తు తరచుగా జారిపోతుంది, ‘ధ’ కాస్తా ‘ద’ అవుతుంది. అది జారిపోయాక తెలుగు గదకూ ఉర్దూ గాడిదకూ మిగిలే తేడా ఆ చివరి దీర్ఘమే. విశ్వవిద్యాలయాల్లో ధ్వనిశాస్త్రం పేరుతో చెప్పే పాఠమిది. ఎవరూ చెప్పకుండానే, పక్కింటి పిల్లల కోసం, పదిహేడేళ్ల పిల్ల దానిని పట్టుకుంది.

కొన్నేళ్ల క్రితం గుంటూరులోనే ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి గదిలో వెనక కూర్చున్నాను. టీచరు గోడ మీది పటం చూపిస్తూ ‘గ, గద’ అన్నారు. ముగ్గురు పిల్లలు పకపకా నవ్వారు. ఆమెకు కోపం వచ్చి నిలబెట్టారు. నవ్వింది అల్లరికి కాదు. వాళ్ల చెవికి గాడిద వినిపించింది, కళ్లకు మాత్రం ఇంకేదో కనిపిస్తోంది. ‘ఎందుకు నవ్వారు?’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ రోజు తరగతి మొత్తానికీ రెండు భాషలు వచ్చేవి. ఆ టీచరు చెడ్డవారు కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లలకు ఎలా నేర్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ ముగ్గురూ ఆ తర్వాత పీరియడ్ అయ్యేదాకా నోరు తెరవలేదు.

మీ అమ్మాయి నోటుపుస్తకం ఆ పిల్లల కోసమే ఉంది. అందుకే నాకు అది అంత విలువైనదిగా కనిపించింది.

ఇక మీ ప్రశ్న. ‘భాషలు చదివితే అన్నం పెడతాయా’ అన్న మాట నాకు కొత్త కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో ఇంట్లో మార్వాడీ మాట్లాడే వ్యాపారులు అడిగారు, ఒడిశా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు అడిగాయి, తెలుగు తప్ప వేరే భాష లేని ఇళ్లవాళ్లు మరీ ఎక్కువగా అడిగారు. అందరి ప్రశ్న వెనకా ఉన్నది జీతం భయం ఒక్కటే కాదు. ‘మన యాస విని మమ్మల్ని తక్కువగా చూశారు, మా పిల్లను అలా చూడకూడదు’ అన్న బాధ అది. ఆ బాధ న్యాయమైనది. దానికి మీరు ఎంచుకున్న మందు మాత్రం సరైనది కాదు. ఈ మాట కటువుగా ఉంటే క్షమించండి, కానీ మెత్తగా చెబితే మీకు అందదేమో అని భయం.

మూడో తరగతిలో పిల్లతో సొంత భాష మానేశామని మీరు త్యాగం చేసినట్టు రాశారు. మీ ఇంట్లో దాదీ ఉన్నారా? ఉంటే ఆమె ఈ పదేళ్లలో మనవరాలికి ఎన్ని కథలు చెప్పగలిగారో ఒకసారి లెక్క వేయండి. ఇంగ్లీషు రావడానికి ఉర్దూ పోవలసిన అవసరం లేదు. బుర్రలో భాషకు ఒక్కటే కుర్చీ ఉండదు. కెనడాలో జిమ్ కమ్మిన్స్ అనే విద్యావేత్త 1979 నుంచి చెబుతున్న విషయం ఇదే: ఒక భాషలో గట్టిపడిన ఆలోచన, చదివే అలవాటు రెండో భాషకు ఆసరా అవుతాయి. కొత్త భాషలో ముచ్చట్లు రెండేళ్లలో వస్తాయి, పాఠ్యపుస్తకాన్ని ఆకళింపు చేసుకునే స్థాయికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మన తల్లిదండ్రులు మొదటిది చూసి మురిసిపోతారు, రెండోది రాలేదని పిల్లను తిడతారు. మధ్యలో ఇంటి భాషను తీసేస్తే పిల్ల నిలబడే నేల పోతుంది. మీ అమ్మాయి అదృష్టం, తను ఆ నేలను పక్కింటి పిల్లల దగ్గర మళ్లీ వెతుక్కుంది.

ఇంకో మాట. మీ ఇంటికి ఇన్నాళ్లూ అన్నం పెట్టినవి ఏమిటి? యార్డులో మీ వారు రైతుతో తెలుగులో మాట్లాడాలి, ఉత్తరాది నుంచి వచ్చే కొనుగోలుదారుతో హిందీలో మాట్లాడాలి, ఇంటికి వచ్చి ఉర్దూలో మాట్లాడాలి. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, కాయ తేమ ఎంత ఉందో చేత్తో పట్టుకుని ఒకరికి ఒక భాషలో, మరొకరికి ఇంకో భాషలో నచ్చజెప్పగలగడం ఆయన నైపుణ్యం. ఆయన పేరు ముందు డిగ్రీ లేదు కాబట్టి మీరు దానిని చదువుగా లెక్కపెట్టలేదు, అంతే.

ఈ రంగంలో పని ఉందా అంటే, ఉంది. ఎందుకు ఉందో చెబుతాను. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణ, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని రాష్ట్రాలకు చెప్పింది. 1968 విద్యా విధానం త్రిభాషా సూత్రం తెచ్చింది. 2020 విధానం కనీసం అయిదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంది. మన రాష్ట్రంలో 2019లో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చే ఉత్తర్వులు వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. విధానాలు ఇలా అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. కానీ ఏ విధానం వచ్చినా ఆ ఎదురెదురు పేజీలను ఎవరో రాయాలి, ఇంట్లో మూడో భాష మాట్లాడే పిల్లకు ఆ రెండు పేజీలనూ ఎవరో అందించాలి. ఆ పని తెలిసినవాళ్లు చాలా తక్కువ. నాకు ఈ విషయంలో నిజంగా దిగులు ఉంది.

గిడుగు రామమూర్తి గారిని మనం ఏటా ఆగస్టు 29న వాడుక భాష కోసం తలుచుకుంటాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే పాఠాలు రాశారని చాలామందికి తెలియదు. వందేళ్లు దాటాక, 2000ల మొదటి దశకంలో ఉమ్మడి రాష్ట్రం సవర, కొండ, కువి, కోయ వంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. మీ అమ్మాయి నోటుపుస్తకం ఆ వరుసలోది.

జర్మనీ సంగతికి వద్దాం. ఈ దారి మీద నా అనుమానాలు ఎక్కువ, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను. జర్మనీకి నర్సులు కావాలన్నది నిజం. ఇక్కడ నర్సింగ్ చదివినవాళ్లు అక్కడ నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బీ2 స్థాయి, అంటే ఆరు మెట్లలో నాలుగో మెట్టు, జర్మన్ కావాలి. ఆ స్థాయి ‘ఆరు నెలల్లో గ్యారంటీ’ అని గోడల మీద రాసినంత తేలిక కాదు. నిరుడు ఒక అమ్మాయి వచ్చింది. ఒక శిక్షణ కేంద్రంలో చేరి, పాత ప్రశ్నపత్రాలు బట్టీపట్టి రెండు స్థాయిలు దాటింది. నేను ఒక్కటే అడిగాను: ‘ఒక ముసలావిడ మాత్ర వేసుకోనని ముఖం తిప్పుకుంది. ఆమెకు జర్మన్‌లో ఏం చెబుతావు?’ అమ్మాయి చాలాసేపు పైకి చూసింది. చివరకు ‘దయచేసి తినండి’ అన్న అర్థం వచ్చే రెండు మాటలు చెప్పి ఏడ్చేసింది. మార్కులు వచ్చాయి, మాట రాలేదు. వార్డులో పనికొచ్చేది ఆ మాటే.

నర్సింగ్ గొప్ప వృత్తి. రోగి దగ్గర నిలబడాలన్న కోరిక ఉన్న పిల్ల అయితే ఆ దారిలో వెళ్లమని నేనే చెబుతాను, జర్మన్ కూడా ఇష్టంగా నేర్చుకోమంటాను. మీ ఉత్తరంలో ఎక్కడా అమ్మాయికి నర్సింగ్ ఇష్టమన్న మాట లేదు. వీసా కోసం వృత్తి, వృత్తి కోసం భాష అన్న వరుసలో వెళ్లిన పిల్లలు చాలామంది మధ్యలోనే అలిసిపోవడం నేను చూశాను. భాషలంటే ప్రాణం పెట్టే పిల్ల జర్మన్ నేర్చుకోవాలనుకుంటే ఎప్పుడైనా నేర్చుకుంటుంది. బంధువుల మాట మీద మాత్రం వద్దు.

బీఫార్మసీ గురించి పెద్దగా చెప్పను. మన చుట్టుపక్కల కాలేజీలు చాలా ఉన్నాయి, మంచి ప్రయోగశాల, పరిశ్రమలతో సంబంధం ఉన్నవి తక్కువ. ఇష్టం లేకుండా నాలుగేళ్లు చదివించే కోర్సు కాదు.

భాషల దారిలో కూడా గోతులున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత అయిదేళ్ల సమీకృత ఎంఏ భాషాశాస్త్రాల్లో ఉంది, ప్రవేశం సీయూఈటీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా. 1958లో మొదలైన ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) కూడా హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ సీటు రాకపోతే గుంటూరులోనో విజయవాడలోనో పాఠాలు నిజంగా జరిగే కాలేజీలో డిగ్రీ చేసి, ఎంఏకి బయటికి వెళ్లవచ్చు. పాఠాలు జరగని కాలేజీలో పేరుకు బీఏ చేరితే మీ భయమే నిజమవుతుంది. ముఖ్యమైనది ఇంకొకటి: ప్రభుత్వ బడిలో తెలుగు లేదా ఉర్దూ టీచరు కావాలంటే డిగ్రీలో ఆ భాష ఒక సబ్జెక్టుగానైనా ఉండాలి, ఆ భాషలో ఎంఏ అయినా ఉండాలి; దానితో పాటు ఆ భాష బోధన మెథడాలజీగా బీఈడీ గానీ భాషా పండిత శిక్షణ గానీ ఉండాలి. భాషాశాస్త్రం ఎంఏ ఒక్కటే చేతిలో ఉంటే డీఎస్సీ దగ్గర తలుపు తెరుచుకోదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చినప్పుడు, మంచి చదువు ఉండి కూడా ఈ చిన్న అర్హత లేక దరఖాస్తు చేయలేని పిల్లలు నా దగ్గరకు వచ్చారు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

బైపీసీ చదివింది కాబట్టి మీరు అడగని నాలుగో దారి కూడా ఉంది. వాక్, శ్రవణ చికిత్సలో డిగ్రీ, బీఏఎస్‌ఎల్‌పీ. మాట ఆలస్యమైన పిల్లలతో, పక్షవాతం తర్వాత మాట పోయినవాళ్లతో పని. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పెట్టింది పేరు. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన చికిత్సకురాలు గుంటూరులో దొరకడం ఎంత అవసరమో, అలాంటి బిడ్డ ఉన్న తల్లిని అడిగితే చెబుతుంది. మీ వారికి ‘వైద్యం వైపు’ అన్న తృప్తి, అమ్మాయికి భాష, రెండూ ఇందులో కలుస్తాయి. బలవంతం చేయకండి, చూపించండి చాలు.

అనువాదాలన్నీ కంప్యూటర్ చేసేస్తుంది కదా అని మీ వారు అంటారేమో. తెలుగు, ఉర్దూ వంటి భాషలను యంత్రాలకు నేర్పడానికి కేంద్రం 2022లో భాషిణి పథకం ప్రారంభించింది. ఆ పనికి కూడా ఇంటి మాటకూ పుస్తకం మాటకూ తేడా పట్టగల మనుషులే కావాలి. ‘గదా’ అన్న చోట ఒత్తు జారిందని యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఈ సంవత్సరం ఏ దరఖాస్తు పెట్టినా, ఈ వారం నుంచే ఇంట్లో ఉర్దూ మళ్లీ మొదలుపెట్టండి. మొదట్లో అమ్మాయి ఇంగ్లీషులో జవాబిస్తుంది, మీకు ఇబ్బందిగా ఉంటుంది, మీరు మాత్రం ఆపకండి. పెద్దవాళ్ల సామెతలు, పెళ్లి పాటలు తను రాసుకుంటానంటే కూర్చుని చెప్పండి.

వీలు చూసుకుని ముగ్గురూ విజయవాడ రండి. మీ వారు తప్పకుండా రావాలి, యార్డు సెలవు రోజైతే మంచిది. ఆ నోటుపుస్తకం మొత్తం తీసుకురమ్మనండి. ఇంట్లో ఆ ఒత్తు ఎందుకు జారిపోయిందని తను అనుకుంటోందో అడగాలని ఉంది.