వాన రాకముందే వాడ తెలియాలి

బిడ్డా,

వరద సాయం చేసే వలంటీర్ల బృందంలో పేరు రాయించుకున్నావని మీ అమ్మ చెప్పింది. జాకెట్ ఎప్పుడిస్తారు, పడవ నడపడం నేర్పుతారా అని అడుగుతున్నావట. జాకెట్ ఇస్తారులే. పడవ సంగతి మాత్రం కేంద్ర విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్ వాళ్లకు, ఫైర్ వాళ్లకు వదిలెయ్. హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ఊళ్లు తిరిగి, రిటైరయ్యాక కూడా ఈ పని మానని దాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నా. ఫోన్‌లో చెబితే సగమే వింటావు.

వరద వచ్చినప్పుడు వెళ్దామని ఎదురుచూడకు. ఇప్పుడే, ఎండ కాస్తుండగానే, ఒక వాడను పట్టుకో. నయీంనగర్ నాలా పక్కనో, హంటర్ రోడ్డు దిగువనో, నువ్వు నడిచి వెళ్లగలిగేదైతే చాలు. వరంగల్ మొత్తాన్ని ఉద్ధరించే పని నీది కాదు, ఒక్క వాడ చాలు. అక్కడి ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచర్‌ను, మహిళా సంఘం లీడర్‌ను కలువు. ఏ ఇంట్లో మంచం మీదున్న ముసలాయన ఉన్నాడు, ఎవరికి నెలలు నిండుతున్నాయి, ఎవరు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోతారు, ఎవరికి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, ఏ పెద్దమ్మ ఒంటరిగా ఉంటుంది, ఎవరికి చెవులు వినబడవు? ఇవి ఒక నోటుబుక్‌లో రాసుకో. మైకులో ఎంత అరిచినా చెవులు వినబడని మనిషికి ఆ కబురు అందదు కదా, తలుపు కొట్టే మనిషి కావాలి. ఇవన్నీ ఇంటి గుట్టు సంగతులు. ఆ పుస్తకం నీ దగ్గరా, ఆశా దగ్గరా ఉంటే చాలు, వాట్సాప్ గ్రూపులో పెట్టకు. ఫోన్‌లో మాత్రమే రాసుకుంటే కుదరదు. కరెంటు పోయిన రెండో రోజుకు ఫోన్ ఉండదు.

ఇంకో రెండు సంగతులు కూడా రాసుకో. డాబా ఉండి, పైకి మెట్లు బయటి నుంచే ఉన్న ఇళ్లు ఏవి? స్కూలు తాళం, కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గర ఉంటాయి? నవ్వకు. అర్ధరాత్రి వానలో పిల్లల్ని చంకనెత్తుకుని జనం గేటు ముందు నిలబడితే, తాళంచెవి ఉన్న మనిషి పెళ్లికి ఊరెళ్లాడని తెలుస్తుంది. ఇలాంటివి చాలా చూశాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2023 జులై 27 గుర్తు చేసుకో. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరే నీళ్లలో మునిగింది. జనం ఇళ్ల కప్పులెక్కారు, చెట్లెక్కారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చాయి, కాని వచ్చేదాకా గడిచిన గంటల్లో పక్కింటివాడే దిక్కు. ఏటూరునాగారం వైపు కొండాయిలో జంపన్నవాగు ప్రాణాలే తీసింది. బయటి నుంచి వెళ్లే మనం ఎప్పుడూ రెండో వరసే. మొదటి వరస అక్కడి మనుషులది. వాళ్లకు ముందుగానే కాస్త శిక్షణ, ఒక టార్చి, ఒక మోకు, ఎవరు ఎవరిని మోయాలన్న ఒప్పందం ఉంటే చాలా మారుతుంది. నీ వాడలో నలుగురు కుర్రాళ్లకు, నలుగురు ఆడవాళ్లకు సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, నేర్పించు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మధ్యలో, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. బొమ్మ మీద చేసి చూపిస్తేనే చేతికి వస్తుంది, వీడియో చూస్తే రాదు.

రెడ్‌క్రాస్ పుట్టింది కూడా ఇలాగే. 1859లో ఇటలీలో సోల్ఫెరినో యుద్ధం జరిగినప్పుడు హెన్రీ డ్యూనాంట్ అనే వ్యాపారి వేరే పని మీద అటు వెళ్లాడు. ఆయన డాక్టర్ కాదు. గాయపడినవాళ్లను ఊరి చర్చిలోకి, ఇళ్లలోకి చేర్చి, కట్లు కట్టి, నీళ్లు తాగించింది పక్కనున్న కాస్టిల్యోనె ఊరి ఆడవాళ్లు. ఆయన వాళ్లతో కలిసి పనిని ఒక పద్ధతిలో పెట్టాడు, తర్వాత దాన్ని పుస్తకంగా రాశాడు. 1863లో జెనీవాలో కమిటీ ఏర్పడింది, మన దేశంలో 1920లో చట్టం వచ్చింది. పేరు ఆయనకు వచ్చింది, ఆ ఊరి ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు. నాకెప్పుడూ అదే అనిపిస్తుంది.

వాగు దగ్గర జాగ్రత్త. లో లెవల్ కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, మోకాలి లోతే కదా అనుకోవద్దు. ఆ లోతు నీళ్లే మనిషిని పడేస్తాయి, రెండడుగులు పారితే కారును కూడా నెట్టుకుపోతాయి. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనబడదు. నీ పని దాటడం కాదు, దాటేవాళ్లను ఆపడం. బైకు మీద వచ్చిన ప్రతి మగాడూ "మాకు తెలుసులే అక్కా" అంటాడు. సైగ చేస్తే ఆగడు, దారికి అడ్డంగా మోకు కట్టాల్సిందే. చెరువు మత్తడి దూకుతోందనో, కట్టకు గండి పడిందనో ఎవరైనా చెబితే నువ్వు చూడకుండా ఇంకొకరికి చెప్పకు. కంట్రోల్ రూమ్‌కు 1077కు గానీ, 112కు గానీ ఫోన్ చెయ్. 2023లో అదే వానల్లో భద్రకాళి చెరువుకు నిజంగానే గండి పడింది. అలాంటి రోజుల్లో నిజం ఒకటైతే పుకార్లు పది పుడతాయి.

తిండి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే. వరద రాగానే అందరూ బిర్యానీ ప్యాకెట్లు కట్టించి పంపుతారు. పొద్దున కట్టినవి రోడ్డు దొరక్క సాయంత్రానికి చేరతాయి, అప్పటికి వాసన వస్తుంది. రోడ్డు పక్క వాడకు ఐదు బండ్లు వస్తాయి, లోపలి తండాకు ఒక్కటీ రాదు. మొదటి రోజు అటుకులు, పల్లీలు, బెల్లం, బిస్కెట్లు, మంచినీళ్లు చాలు. వండిందే కావాలంటే పులిహోర, అదీ కొద్ది గంటల్లో తినేదైతేనే. రెండో రోజు నుంచి బియ్యం, పప్పు, నూనె, కారం, ఒక గ్యాస్ పొయ్యి, పెద్ద బగోనెలు ఇచ్చి, అక్కడి ఆడవాళ్లనే వండుకోనివ్వు. ఏది తింటారో, ఎవరు తినలేదో వాళ్లకే తెలుసు. వండుతూ మాట్లాడుకుంటారు కూడా, ఆ మాటల్లోనే నీకు అసలు అవసరాలు తెలుస్తాయి. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, చుట్టుపక్కల స్టేషన్లలో రైళ్లు ఆగిపోయాయి. అలా ఆగిన రైల్లో చంటిపిల్లల తల్లికి కావాల్సింది మన ప్యాకెట్ కాదు, వేడినీళ్లు, పాలు. వెళ్లగానే అడిగి ఇవ్వు.

ఇక పాత బట్టలు. ఇళ్లలో ఎవరూ కట్టని జరీ చీరలు, రవికల్లేని చీరలు, గుండీలు ఊడిన చొక్కాలు మూటలు కట్టి పంపేస్తారు. అవి తీసుకెళ్లి కుప్ప పోస్తే, ఉన్న ఇల్లు పోగొట్టుకున్న మనిషి అందులో వంగి ఏరుకోవాలి. చూసేవాళ్లకు సిగ్గనిపించాలి. ఏం కావాలో నేను చెబుతా. నైటీలు, లుంగీలు, కొత్త లోపలి బట్టలు, శానిటరీ ప్యాడ్లు, దుప్పటి, చాప, దోమతెర, బకెట్, మగ్గు, సబ్బు. నీళ్లు తగ్గాక చీపురు, పార, ఫినాయిల్, చేతి గ్లౌజులు, గమ్‌బూట్లు. బురద ఎత్తడానికి వెళ్లినవాడికి దక్కినంత గౌరవం బిర్యానీ పంచినవాడికి దక్కదు. ప్యాడ్లు ఇచ్చేటప్పుడు మగపిల్లల్ని పక్కకు పంపి, నల్ల కవర్లో పెట్టి, సంఘం లీడర్ ద్వారా ఇవ్వు. ఫోటో అస్సలు తీయకు. మిగతా చోట్ల కూడా, చేతిలో సామాను పెట్టి "ఇటు చూడమ్మా" అని ఎవరినీ అనకు. లెక్క కోసం ఫోటో కావాలంటే బండిలో ఉన్న సామానుకు తియ్యి.

ఫోటోలు తీయాల్సింది ఇంటికి. బురద కడగకముందే, పడిపోయిన గోడకూ, తడిసిన ధాన్యానికీ తీయించు. గేదె చచ్చిపోతే పాతిపెట్టకముందే పశువుల డాక్టర్‌ను పిలవాలి. ఆ కాగితం లేకపోతే పరిహారం దగ్గర ఇబ్బంది. తడిసిన ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, పదో తరగతి మెమోలను ఎండలో కాకుండా నీడలో విడివిడిగా ఆరబెట్టమను. రెవెన్యూ వాళ్లు నష్టం రాసుకునేటప్పుడు అద్దెకుండేవాళ్ల పేర్లు, కౌలు రైతుల పేర్లు జారిపోతుంటాయి. పక్కన నిలబడి చదివించు. ఒక్కోసారి నువ్వు చేసిన సాయమంతటిలోకీ ఇదే పెద్దదవుతుంది. చదువుకున్న పిల్లవు, దరఖాస్తు రాయడం నీకు పది నిమిషాల పని.

నీళ్లు తీసిన ఇంట్లోకి వెళ్లే ముందు కరెంటు మెయిన్ ఆపించు. తడిసిన స్విచ్ ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియన్ చూశాకే వేయాలి. తాగే నీళ్లు కాచి తాగమను. క్లోరిన్ బిళ్లలైతే ప్యాకెట్ మీద రాసినంతే వేసి, అరగంట ఆగాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్. అది లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. పాములు ఎండిన చోటు వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తాయి. కరిస్తే తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రగాడి దగ్గరికి వద్దు. కాలు కదలకుండా, నడిపించకుండా ఆసుపత్రికి. 108కి ఫోన్ చేసినప్పుడే పాము విషానికి మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో అడుగు.

పిల్లలు తప్పిపోతే ఎవరో మేనమామనంటూ వస్తే అప్పగించకు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పు. ఏడ్చేవాళ్లకు "ధైర్యంగా ఉండండి" అని ఉపన్యాసం ఇవ్వకు, పక్కన కూర్చో. వారాల తర్వాత కూడా నిద్ర పట్టకపోతే, తినకపోతే 14416 నంబరు ఇవ్వు. అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

వరద లేని రోజుల్లో ఏం చేయాలని అడుగుతావు. ఏడాదిలో ఎక్కువ రోజులు అవే కదా. హన్మకొండ రెడ్‌క్రాస్‌లో తలసేమియా పిల్లలకు, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారు కాని పిల్లలకు, రక్తం ఎక్కిస్తారు. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి కావాలి, జీవితాంతం. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేస్తారు, క్యాంపులు తగ్గుతాయి, పిల్లల అవసరం మాత్రం తగ్గదు. సెలవులకు ముందే మీ హాస్టల్ వాళ్లను రెండు మూడు గుంపులు చేసి, వేర్వేరు వారాల్లో పంపు. ఒక్క రోజే వందమంది ఇచ్చి ఫోటో దిగితే ఏం లాభం? ఎర్రకణాలు 42 రోజులకు మించి నిలవ ఉండవు, ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, బరువు 45 కిలోలు తగ్గకూడదు. నువ్వు టిఫిన్ మానేసి కాలేజీకి పోతావని మీ అమ్మ చెప్పింది. ముందు నీ రక్తం చూపించుకో, ఆ తర్వాత ఊరికి సలహా ఇద్దువు.

ఎండాకాలం చలివేంద్రం పెట్టడం సులువు, పదో రోజు కుండ కడిగే మనిషి దొరకడమే కష్టం. ఆ పని ఎవరిదో రాసి పెట్టాకే రిబ్బన్ కట్ చేయించండి. వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరండి, 108కి చేయండి. ఎండలు మండే భూపాలపల్లి, రామగుండం వైపు వెళ్తే ఇది రోజూ పనికొస్తుంది.

నీ సంగతి కూడా చూసుకో. టీటీ ఇంజక్షన్ వేయించుకో. పుండు ఉన్న కాలితో వరద నీళ్లలో దిగకు, దిగాల్సి వస్తే ముందు డాక్టర్‌ను అడుగు. ఒంటరిగా ఎక్కడికీ పోకు, చీకటి పడకముందే బయలుదేరు. మూడు రోజులు వరసగా చేశాక ఒక రోజు ఇంట్లో పడుకో. "ఇంతమంది కష్టంలో ఉంటే నేనెలా పడుకుంటాను" అని టెన్షన్ పడతావు, తెలుసు. నీ జాగాలో ఇంకో మనిషి రావాలి, అందుకే బృందం అనేది.

వచ్చే ఆదివారం వస్తానన్నావు. మీ ఫ్రెండ్స్‌లో ఇద్దరిని తీసుకురా, అంతకంటే ఎక్కువ వద్దు. పదిమంది ఒకేసారి వాడలోకి వస్తే సర్వే వాళ్లనుకుని ఎవరూ నోరు విప్పరు. ఆశా కార్యకర్తకు మధ్యాహ్నం రెండు దాటితేనే తీరిక దొరుకుతుంది, ఆ టైముకు ఆమెను కలుద్దాం. నోటుబుక్, పెన్సిల్ తెచ్చుకో. పెన్ను రాతలు తడిస్తే చెరిగిపోతాయి.

మీ పెద్దమ్మ
హన్మకొండ