పెరటి కుంటకు మొక్కలు తెచ్చే ముందు

చిరంజీవి బిడ్డకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. ఇంటి కుంటకు అది చాలు. మీది నల్లరేగడి నేల, ఎండకు నెర్రెలిచ్చి సిమెంటును పగలగొడుతుంది, అందుకే అడుగున ప్లాస్టిక్ షీటు వేయించమన్నాను. విన్నారు, సంతోషం. ఇక మొక్కల సంగతి. నర్సరీకి వెళ్లినప్పుడు శ్రావణంలో ఏది బాగుంటుందని చూడకు, మే నెలలో ఏది బతుకుతుందని చూడు. వానలు పడుతుంటే ఏది గుచ్చినా చిగురిస్తుంది. ఎండ 43, 44 డిగ్రీలకు పోయి బోరు సన్నబడ్డాకే అసలు రంగు బయటపడుతుంది.

నీ మనసు తామర మీద ఉందని తెలుసు. కానీ అంత కుంటలో తామరా కలువా రెండూ పట్టవు, ఏదో ఒకటే పెట్టుకోవాలి. తామర పాకే జాతి. దుంపను బురదలో వదిలేస్తే ఏడాది రెండేళ్లలో కుంటంతా దానిదే అవుతుంది. రోజుకు ఆరు గంటలు నేరుగా ఎండ తగలకపోతే ఆకులే గానీ పువ్వు రాదు. మీ పడమటి వైపు మేడ నీడ మూడింటికే పడుతున్నట్టుంది ఫొటోలో. పైగా చలికాలంలో ఆకులన్నీ ఎండిపోయి దుంప నిద్రలోకి పోతుంది. చచ్చిందనుకుని పీకి పారేసేవాళ్లను చాలామందిని చూశాను.

నన్నడిగితే నీకు కలువే నయం, అందులోనూ రాత్రి పూసే ఎర్ర కలువ. మీరిద్దరూ పొద్దున తాళం వేసి వెళ్తే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఆరు దాటాకే. తామర, నీలి కలువ పొద్దున విచ్చుకుని మీరు రాకముందే ముడుచుకుంటాయి. ఎర్ర కలువ చీకటి పడుతుండగా విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటుంది. ఉన్న కుంటను చూసుకునే తీరికే లేకపోతే ఎవరి కోసం పెంచడం? అయితే ఎర్రగా పూసేదల్లా రాత్రి పూసేది కాదు. కడియం నుంచి లారీలో వచ్చిన మొక్కల్లో పగలు పూసే ఎర్ర రకాలు కూడా ఉంటాయి, అమ్మేవాడికే తేడా తెలియదు. ఆకు చూసి పట్టుకోవాలి. రాత్రి పూసేదానికి ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది, తిప్పి చూస్తే అడుగున సన్నని నూగు చేతికి తగులుతుంది.

నాటడానికి చిల్లు లేని వెడల్పాటి టబ్బు కావాలి. చెరువు పూడిక మట్టికి మించింది లేదు. వర్మీ కంపోస్టు, కొబ్బరి పొట్టు కలపొద్దు, రెండూ పైకి తేలి నీళ్లను కంపు చేస్తాయి. మట్టిని తడిపి గట్టిగా అదిమి, దుంపను మొన బయటికి కనిపించేలా పెట్టి, చుట్టూ రెండు గుప్పిళ్ల గులకరాళ్లు పరుచు, లేకపోతే చేపలు కెలికేస్తాయి. టబ్బును ఒకేసారి అడుక్కు దించకు. ఇటుకలు పేర్చి ఆకు నీటిమీదికి అందేలా ఉంచి, కాడలు సాగేకొద్దీ ఒక్కో వరుస తీసెయ్. ఎరువు వేయాలనిపిస్తే చిటికెడు డీఏపీని పేపర్ ముక్కలో చుట్టి మట్టిలోకి గుచ్చు. నీళ్లలో చల్లావో, మర్నాటి నుంచి పాచితో కుస్తీ పట్టాల్సిందే. రెండు టబ్బులు చాలు. నీటి పైభాగం సగం దాకా ఆకు కమ్మితే పాచికి ఎండ అందదు. అంతకు మించితే చేపలకు గాలాడదు, పాత ఆకులు కోసెయ్.

గుర్రపుడెక్కను మాత్రం ఇంటికి రానివ్వకు. నీలిపువ్వు ముచ్చటగా ఉందని ఎవరైనా ఒక్క మొక్క చేతిలో పెడతారు. మన భద్రకాళి చెరువును అది ఎలా కమ్మేసిందో నీకు చెప్పనక్కర్లేదు. 2024లో ఆ చెరువును ఖాళీ చేసి పూడిక తీసే పని పెట్టుకున్నారు. నీటి మీద తేలే అంతరతామర, అజొల్లా కూడా అంతే, నాలుగు రోజులు చూడకపోతే నీళ్లు కనపడవు. జమ్ము అసలే వద్దు, దాని వేరుమొన షీటును పొడుస్తుంది.

అంచున లోతు తక్కువ ఉన్నచోట కుండీల్లో వస, మెట్టతామర పెట్టుకో. సరస్వతి ఆకు కొంచెం నీడ ఉన్న మూల చూసి వదిలితే అదే పాకుతుంది, పచ్చడికీ పనికొస్తుంది.

గట్టు దగ్గరే అందరూ బోల్తా పడతారు. కుంట పక్కన కదా అని తడి కోరే మొక్కలు పెడతారు. షీటు వేసిన కుంట నుంచి చుక్క నీరు కూడా బయటి మట్టికి అందదు. గట్టు ఎప్పుడూ ఎండే ఉంటుంది. కాబట్టి అక్కడ మెట్ట మొక్కలే వేయాలి, అదృష్టం కొద్దీ మన బతుకమ్మ పూలు చాలావరకు ఆ జాతివే. తంగేడు నర్సరీలో దొరకడం కష్టం. రోడ్డు పక్కన ఎండిన కాయలు తెచ్చి, గింజల మీద వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, గట్టు మీద ఎత్తైన చోట వేయి. పూతకు మాత్రం తొందరపడకు. వేరు పట్టాక నీళ్లు తగ్గించు, తడి ఎక్కువైతే కుళ్లుతుంది. గునుగు, బంతి తొలకరికి చల్లితే పెత్రమాస నాటికి కోతకొస్తాయి. సద్దుల నాడు పూలకు బజారు చుట్టూ తిరగకుండా పెరట్లోనే కోసుకోవచ్చు. పేర్చిన బతుకమ్మను మాత్రం మీ కుంటలో వదలకండి, పద్మాక్షి గుండానికే తీసుకెళ్లండి. అంత చిన్న నీటిలో అన్ని పూలు కుళ్లితే రెండు రోజుల్లో చేపలు తేలతాయి.

వేప, చింత కుంటకు దూరంగా ఉండాలి, రాలే ఆకు ఎత్తలేక చేతులు పడిపోతాయి. రావి, మర్రి సంగతి సరేసరి. గన్నేరు విషం, ఆకు నీళ్లలో పడితే చేపలకు ముప్పు, కాంపౌండు బయట కూడా వద్దంటాను. నిమ్మగడ్డి లాంటి గుబురు మొక్కలు నడిచే దారి పక్కన పెట్టకు. కప్పలు ఎలాగూ చేరతాయి, వాటి కోసం నీరుకట్టె పాము వస్తుంది. విషం లేనిదే, కానీ చీకట్లో కాలు పడితే టెన్షనే కదా.

దోమల కోసం గప్పీ చేపలు నాలుగు జతలు వదులు, లార్వాను అవే ఏరుకుని తింటాయి. గడ్డి చేప అనే గ్రాస్ కార్ప్ మాత్రం వద్దు, కలువ చిగుళ్లు మేస్తుంది. నల్లా నీళ్లయితే డ్రమ్ములో ఒకటి రెండు రోజులు నిలవ ఉంచాకే పోయాలి, క్లోరిన్ పోతుంది. నడివేసవిలో రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది, మీ కుంట లెక్కన అది మూడు బిందెలు. అంత నీరు పోయగలిగితేనే మిగతా ఆశలు పెట్టుకో.

కలువ దుంపలు కొనకు, నా దగ్గర ఉన్నాయి. మృగశిర రాకముందే ఒక ఆదివారం ఇద్దరూ రండి. పూడిక మట్టి బస్తాల్లో కట్టించి పెడతానంటున్నారు మీ పెదనాన్న. డిక్కీలో పరవడానికి పాత చాప ఒకటి తెచ్చుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ
హనుమకొండ