కరోనా డబ్బు కౌలు రైతుకు చేరింది, నేను చూశాను

ప్రశ్న: కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వం రైతులకిచ్చిన డబ్బు పల్లెల్లో సాగు చేసేవాళ్లకు అందిందా, పెద్దవాళ్లే తినేశారా?

అందింది. 2020లో మేం అయోవాలో బూన్ కౌంటీలో అద్దెకుండేవాళ్లం. చుట్టూ మొక్కజొన్న, సోయా. పక్క పొలం చేసే పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆ ఏప్రిల్‌లో జనం కార్లు బయటికి తీయక, మొక్కజొన్నతో చేసి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ ఫ్యాక్టరీలు చాలా ఆగిపోయాయి, మొక్కజొన్న ధర పడిపోయింది. ఆయన నిరుటి పంటలో 20,000 బుషెళ్లు (బుషెల్ మొక్కజొన్న అంటే సుమారు 25 కిలోలు) గాదెల్లోనే ఉన్నాయి.

మే 26న ఈ సాయానికి దరఖాస్తులు మొదలయ్యాయి. వ్యవసాయ శాఖ ఆఫీసులోకి ఎవర్నీ రానివ్వడం లేదు, అంతా ఫోను, ఈమెయిలు. ఆయనింట్లో నెట్ సరిగా రాదు. పల్లెకు నెట్ ఇవ్వకుండా అన్నీ ఆన్‌లైన్‌లో చేసుకోమనడం ఏ దేశంలోనైనా అన్యాయమే. మా వరండాలో కుర్చీలు ఎడంగా వేసుకుని, మాస్కులు కట్టుకుని, నా ల్యాప్‌టాప్‌లో నింపాం. 2019 పంటలో సగం, జనవరి 15 నాటికి అమ్ముడుపోని నిల్వ, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికే లెక్క. బుషెల్‌కు సగటున 33.5 సెంట్లు. మొత్తం 6,700 డాలర్లు, ముందుగా అందులో 80 శాతం, 5,360. ఆయన కవరు వెనక పెన్సిల్‌తో రెండుసార్లు గుణించి చూసుకున్నాడు.

"మీ భూమి పత్రాలు కూడా పంపాలి కదా?" అన్నాను. ఆయన వింతగా చూశాడు. భూమి ఆయనది కాదట. 300 ఎకరాలూ షికాగోలో ఉండే ఒక కుటుంబానివి, ఏటా డబ్బు కట్టి కౌలుకు చేస్తున్నాడు. ఈ సాయంలో ఆ ఓనర్లకు పైసా రాలేదు. పంట నష్టం ఎవరు మోస్తే డబ్బు వాళ్లకే. రాసిచ్చింది నమ్మి ముందు ఇచ్చారు, తనిఖీ తర్వాత.

లోపాలు లేవనను. ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల దాకా, ముగ్గురు భాగస్వాములున్న కంపెనీకైతే 7,50,000 దాకా పరిమితి పెట్టారు. అంత పరిమితి చిన్న రైతును చూసి పెట్టింది కాదు. కంపెనీల కోళ్లను కాంట్రాక్టుకు పెంచేవాళ్లను మొదట్లో పూర్తిగా వదిలేశారు. ఆగస్టు 10న డెరేచో అనే, వందల మైళ్లు సాగే పెనుగాలి వచ్చి గంటలో పెద్దాయన చేనంతా నేలకు పరిచేసింది. మిగతా 20 శాతం ఇస్తామని ప్రకటించింది ఆ వారంలోనే. పడిపోయిన చేను చూస్తూ ఆయన ఆ మాట చెప్పాడు, నాకు ఏమనాలో తోచలేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. మా నాయిన వరంగల్ దగ్గర నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసేవాడు. అదే ఏడాది వానాకాలంలో రైతుబంధు ఎకరానికి 5,000 పడింది, హైదరాబాద్‌లో ఉండే పట్టాదారు ఖాతాలో. లాక్‌డౌన్‌లో ముందుగా వేసిన పీఎం కిసాన్ 2,000 కూడా భూమి ఉన్నవాళ్లకే. విత్తనాలూ మందులూ అప్పు తెచ్చి కొన్నది నాయిన. కౌలుకు కాగితం లేదు, నోటిమాటే. రాసిమ్మంటే మరుసటేడు భూమి ఇవ్వరని భయం. కౌలు రైతును లెక్కలోకి తీసుకోని సాయాన్ని రైతు సాయం అనడం నాకు మనసొప్పదు.

పెద్దాయన దరఖాస్తు నింపిన రాత్రి నాయినకు ఫోన్‌లో ఆ సంగతి చెప్పాను. నాయిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "మరి ఆ భూమాయన సంతకం పెట్టిండా బిడ్డా?"

"ఆయన సంతకం ఎవరూ అడగలే నాయినా."